మనసును కదిలించే శాంతి ప్రసంగాలు, రచనలు: ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి

శాంతి గురించి ఒక మంచి మాట కావలసిన సందర్భాలు ఇంటింటా వస్తుంటాయి. సెప్టెంబరు 21 అంతర్జాతీయ శాంతి దినానికి పిల్లవాడు బడిలో మాట్లాడాలి. అక్టోబరు 2న ఊరి గ్రంథాలయంలో సభ పెట్టాలి. ఇవేవీ లేకపోయినా, రోజూ యుద్ధ వార్తలు చూసి చూసి మనసు బరువెక్కినప్పుడు ఇంతటి చీకట్లోనూ నిబ్బరంగా మాట్లాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతుక్కోవాలనిపిస్తుంది. ఫోన్ తీసి శాంతి సూక్తులు అని కొడితే పావురాల బొమ్మల మీద రెండేసి వాక్యాలు కుప్పలుగా వచ్చిపడతాయి. ఎవరన్నారో ఉంటుంది కానీ ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్నారో ఉండదు. అందుకే అవి చదివిన కాసేపటికే జారిపోతాయి.

అదే మాట పూర్తి ప్రసంగంలో, దాని తేదీతో, దాని వెనకున్న గొడవతో సహా దొరికితే ఏళ్ళ తరబడి మనతో ఉంటుంది. బడి పిల్లలకూ పెద్దలకూ అలాంటివి వెతికిపెట్టడం నాకు చాలాకాలంగా ఇష్టమైన పని. ఆ పద్ధతినే ఇక్కడ వరసగా చెబుతాను. ఇంటర్నెట్ ఉన్న ఫోను, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

మొదటి అడుగు: ఎదురుగా కూర్చున్నది ఎవరో అడగండి

వెతకడం మొదలుపెట్టే ముందే ఒక ప్రశ్న రాసిపెట్టుకోండి: ఈ మాట ఎవరి ఎదుట నిలబడి చెప్పారు?

శాంతి కోరేవాళ్ళ సభలో శాంతి గురించి చెప్పడం కష్టం కాదు. చప్పట్లు ఎలాగూ పడతాయి. వినడానికి ఇష్టపడనివాళ్ళ ముందు, ఒక్కోసారి ప్రాణానికి తెగించి చెప్పిన మాటలు వేరు. వాటిలో అలంకారాలు తక్కువ, బరువు ఎక్కువ. నా మటుకు నేను ప్రసంగాలు ఎంచుకునేది ఈ ఒక్క గీటురాయి మీదే.

ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ 1977 నవంబరు 20న జెరూసలేంలో, ఇజ్రాయెల్ పార్లమెంటులో మాట్లాడారు. అప్పటికి ఆ రెండు దేశాల మధ్య శాంతి ఒప్పందమే లేదు. నాలుగేళ్ళ క్రితమే ఒకరి సైనికులను ఒకరు చంపుకున్నారు. అలాంటి సభలో ఆయన అరబ్బీలోనే మాట్లాడారు, తన దేశం డిమాండ్లు ఒక్కటీ దాచకుండా చెప్పారు, అయినా మీతో కలిసి బతకడానికి సిద్ధమన్నారు. 1979 మార్చిలో ఒప్పందం కుదిరింది. తోటి అరబ్ దేశాలు ఈజిప్టును దూరం పెట్టాయి. 1981 అక్టోబరు 6న సైనిక కవాతులో ఆయన్ను కాల్చి చంపారు. ఇవన్నీ తెలుసుకుని ఆ ప్రసంగం చదివితే, మర్యాదగా కనిపించే ఒక్కో వాక్యం వెనకా ఎంత తెగింపు ఉందో తెలుస్తుంది.

మన ఉపఖండంలో వాజ్‌పేయి లాహోర్ ప్రసంగం ఉంది. 1999 ఫిబ్రవరిలో బస్సులో సరిహద్దు దాటి వెళ్ళిన ప్రధాని, పాకిస్తాన్ ఏర్పాటు తీర్మానానికి గుర్తుగా కట్టిన మినార్-ఎ-పాకిస్తాన్ దగ్గరకూ వెళ్ళారు. తర్వాత అక్కడి పౌరుల ముందు మాట్లాడారు. హిందీ కొద్దిగా వచ్చినా చాలు, వీడియోలో వినండి. ఆయన ఆగిన చోట్ల సభ ఎలా స్పందించిందో వినడం కూడా చదువే. కొన్ని నెలలకే కార్గిల్ యుద్ధం వచ్చింది. అంతమాత్రాన ఆ ప్రసంగం వృథా అయిందని నేను అనుకోను. ఫలించని శాంతి ప్రయత్నాలను జాబితాలోంచి తీసేస్తే చదవడానికి మిగిలేది చాలా తక్కువ.

రెండో అడుగు: సూక్తిని కాదు, సందర్భాన్ని వెతకండి

సెర్చ్ పెట్టెలో పీస్ కోట్స్ అని కొట్టకండి. మాట్లాడినవారి పేరు, ఊరు లేదా సభ, సంవత్సరం, ఆ పక్కన ఫుల్ టెక్స్ట్ అనో ట్రాన్‌స్క్రిప్ట్ అనో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. పేరు తెలియకపోతే సంఘటనతో మొదలుపెట్టండి: ఫలానా యుద్ధం, ఫలానా ఒప్పందం, ఫలానా హత్య తర్వాతి వారం. సంఘటన తెలిస్తే మాట్లాడినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే బయటికొస్తారు.

ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూద్దాం. 1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల వివాదంతో అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచుదాకా వెళ్ళాయి. ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారు? ఈ ప్రశ్నతో వెతికితే అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ 1963 జూన్ 10న వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో చేసిన ప్రసంగం దొరుకుతుంది. కెన్నెడీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో పాఠమూ ఉంది, ఆయన గొంతూ ఉంది. దాదాపు అరగంట.

ముందు ఒకసారి వినండి, చదవకండి. తర్వాత పాఠం దగ్గర పెట్టుకుని, ఆయన తన శ్రోతలకు ఇష్టం లేని మాట ఎక్కడ చెప్పారో గుర్తుపెట్టండి. శాంతి గురించి, రష్యా గురించి మన ధోరణి ఏమిటో మనమే తరచి చూసుకోవాలని ఆయన అమెరికన్లనే అడుగుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ ప్రజలు కనీసం 2 కోట్ల మందిని పోగొట్టుకున్నారని, ఆనాటి శత్రువు కష్టాన్ని తన ప్రజలకు గుర్తుచేస్తారు. ఆ ఒక్క పేరా కోసమే ఈ ప్రసంగం పిల్లలకు చదివి వినిపించవచ్చు. సోవియట్ పత్రికలు దాని పూర్తి పాఠం అచ్చువేశాయి. ఆగస్టు 5న మాస్కోలో పాక్షిక అణుపరీక్షల నిషేధ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ప్రసంగానికి ముందు ఏమైంది, తర్వాత ఏమైంది అని మీ నోటు పుస్తకంలో రెండు వైపులా రాసుకుంటే ఆ పేజీ తయారైనట్టే.

మూడో అడుగు: అసలు పాఠం ఉన్న చోటికి వెళ్ళండి

ఎవరో కోసి, సర్ది, తమకు నచ్చినట్టు పెట్టిన పాఠం మీద ఆధారపడవద్దు. నేను ఎక్కువగా వెళ్ళే చోట్లు ఇవి.

నోబెల్ బహుమతి అధికారిక వెబ్‌సైట్‌లో శాంతి బహుమతి విభాగం తెరిచి సంవత్సరం ఎంచుకుంటే, ఆ ఏడాది గ్రహీత పేజీ వస్తుంది. అక్కడ సాధారణంగా రెండు రకాలు కనిపిస్తాయి: బహుమతి అందుకుంటూ చెప్పిన చిన్న మాట, విడిగా ఇచ్చిన నోబెల్ ఉపన్యాసం. ఈ తేడా గమనించండి. అమెరికా నల్లజాతివారి హక్కుల ఉద్యమ నేత మార్టిన్ లూథర్ కింగ్ 1964 డిసెంబరు 10న మాట్లాడింది చిన్నది, మర్నాటి ఉపన్యాసం పెద్దది. బడిలో చదవడానికి మొదటిది, కూర్చుని ఆలోచించడానికి రెండోది.

ఆ సైట్‌లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 2004కి వెళ్ళండి. కెన్యాలో ఊరి ఆడవాళ్ళతో చెట్లు నాటించిన వంగారి మాథాయ్ ఉపన్యాసం ఉంటుంది. శాంతికీ చెట్టుకూ ఏమిటి సంబంధం అన్న ప్రశ్నకు ఆమె నేరుగా జవాబు చెబుతారు. వనరులు కరువైతే మనుషులు కొట్టుకుంటారు అంటారు. చివర్లో చిన్నప్పుడు వాగు దగ్గర చూసిన కప్ప గుడ్ల ముచ్చట చెబుతారు. పదేళ్ళ పిల్లలకు కూడా అర్థమవుతుంది. అక్కడి నుంచి 2024కి రండి. హిరోషిమా, నాగసాకి బాంబు బాధితుల సంస్థ నిహోన్ హిదాన్‌క్యో తరఫున తెరుమి తనాకా మాట్లాడారు. నాగసాకి మీద బాంబు పడినప్పుడు ఆయనకు 13 ఏళ్ళు. కుటుంబంలో అయిదుగురు పోయారు. 90 దాటాక, శాంతి బహుమతి ఇచ్చే ఓస్లోలో నిలబడి, గొంతు పెంచకుండా, చూసింది చూసినట్టు చెప్పారు. 2023 పేజీ కూడా చూడండి. మహిళల హక్కుల కోసం పోరాడిన నర్గెస్ మొహమ్మదీ ఇరాన్ జైల్లో ఉండటం వల్ల ఆమె ఉపన్యాసాన్ని కవల పిల్లలు చదివారు.

గాంధీకి ఈ బహుమతి రాలేదన్నది అందరికీ తెలిసిందే. ఆయన పోయిన 1948లో, బతికున్నవారిలో తగిన అభ్యర్థి లేరంటూ కమిటీ ఆ బహుమతిని ఎవరికీ ఇవ్వలేదు.

గాంధీ కోసం వెళ్ళవలసింది సబర్మతి ఆశ్రమం నడిపే గాంధీ హెరిటేజ్ పోర్టల్‌కు. ఇంగ్లీషులో 100 సంపుటాల సమగ్ర రచనలు, యంగ్ ఇండియా, హరిజన్ లాంటి పత్రికల పాత సంచికలు అక్కడ స్కాన్ చేసి పెట్టారు. వంద సంపుటాలు చూసి బెదరవద్దు. 90వ సంపుటం దాకా తేదీల వరసలో ఉంటాయి. 98వది విషయసూచిక, 99వది వ్యక్తుల సూచిక. మీకు కావలసిన సంఘటన తేదీ తెలిస్తే సరైన సంపుటం తీయడం నిమిషాల పని. ఒక జాగ్రత్త: 1999లో సీడీ రూపంలో వచ్చిన మరో కూర్పు ఉంది. మార్పులు చేర్పులు జరిగాయని పండితులు అభ్యంతరం చెప్పడంతో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. దాని కాపీలు ఇంకా అక్కడక్కడా తిరుగుతున్నాయి. సంపుటాల అంకెలు, పేజీలు కలవవు. అందుకే రాసుకునేటప్పుడు సంపుటం సంఖ్యతో పాటు తేదీ తప్పకుండా రాయండి.

ముందు 90వ సంపుటమే తెరవండి. 1947 నవంబరు 11 నుంచి 1948 జనవరి 30 దాకా ఉంటుంది. విభజన గాయాలతో ఢిల్లీ రగులుతున్న రోజులు. ఇళ్ళూ వాకిళ్ళూ పోగొట్టుకుని వచ్చిన శరణార్థులు ఒకవైపు, భయంతో ఇళ్ళు వదిలిన ముస్లింలు మరోవైపు. ప్రతి సాయంత్రం ప్రార్థన సభలో ఆ కోపం ఎదుటే ఆయన మాట్లాడేవారు. జనవరి 12న నిరాహారదీక్ష ప్రకటించిన ప్రసంగం వెతికి చదవండి. ఆ రోజు సోమవారం, ఆయన మౌనదినం. రాసిచ్చిన మాటనే సభలో చదివి వినిపించారు. 18న అన్ని వర్గాల పెద్దలూ వచ్చి శాంతికి మాటిచ్చాక దీక్ష విరమించారు. 12 నుంచి 18 దాకా ఒక్కో రోజు మాటా వరసగా చదవండి. కొన్ని రోజులవి అరపేజీ కూడా ఉండవు. ఒంట్లో శక్తి తగ్గుతున్నకొద్దీ వాక్యాలు చిన్నవవుతాయి, పట్టు మాత్రం సడలదు. శాంతి సాహిత్యంలో ఒకే ఒక్క వారం చదవమంటే నేను ఈ వారాన్నే చెబుతాను.

గొంతు వినాలంటే ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబ్ చానల్ చూడండి. ఢిల్లీలో ఆయన ప్రార్థన ప్రసంగాలను ఆకాశవాణి రికార్డు చేసింది. 1947 ఏప్రిల్ 2న ఆసియా దేశాల మహాసభ ముగింపులో ఆయన ఇంగ్లీషులో మాట్లాడిన రికార్డింగు కూడా దొరుకుతుంది. ఆ మహాసభకు అధ్యక్షత వహించింది హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు. గాంధీ హత్య తర్వాత, 1948 ఫిబ్రవరి 1న ఆకాశవాణిలో ఆమె చేసిన ప్రసంగం చిన్నది. తండ్రీ, విశ్రాంతి తీసుకోకు, మమ్మల్నీ తీసుకోనివ్వకు అని ఆమె వేడుకుంటారు. దుఃఖంలోనూ పని గుర్తుచేసే ప్రసంగం అది. సంతాప సభల్లో మాట్లాడవలసి వచ్చేవాళ్ళు ఒక్కసారైనా చదవాలి.

కింగ్ ప్రసంగాలకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ సైట్ నమ్మకమైనది. అందరికీ తెలిసిన 1963 వాషింగ్టన్ ప్రసంగం ఎలాగూ వింటారు. నేను చెప్పేది 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా చేసినది. నీకెందుకీ విదేశీ వ్యవహారం, నీ ఉద్యమం నువ్వు చూసుకో అని సొంతవాళ్ళే అన్నారు. పెద్ద పత్రికలు సంపాదకీయాల్లో తప్పుపట్టాయి. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన ఆయన్ను చంపేశారు. శాంతి దృష్టితో చూస్తే మొదటిదానికన్నా ఇదే గొప్పదని నా అభిప్రాయం. 1959లో ఆయన మన దేశానికి వచ్చి వెళ్ళాక, మార్చి 22న మాంట్‌గోమరీలో గాంధీ గురించి చేసిన ఆదివారపు ప్రసంగం కూడా అక్కడే చదవొచ్చు. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలకు ఇది ప్రత్యేకంగా నచ్చుతుంది. వాళ్ళు బడిలో చదివే మనిషి తాతల దేశం గురించి మాట్లాడటం వాళ్ళకు కొత్తగా ఉంటుంది.

ఏటా కొత్త పాఠం కావాలంటే హిరోషిమా నగరపాలక సంస్థ సైట్ ఉంది. ప్రతి ఆగస్టు 6న నగర మేయర్ శాంతి ప్రకటన చదువుతారు. ఆ ఆనవాయితీ 1947లో మొదలైంది. కొరియా యుద్ధం వచ్చిన 1950లో సభే జరగలేదు. ఇంగ్లీషు పాఠాలు దొరుకుతాయి. మూడు దశాబ్దాల ఎడంతో మూడు ప్రకటనలు తీసుకుని పక్కపక్కన చదివితే ప్రపంచం దేనికి భయపడుతూ వచ్చిందో కనిపిస్తుంది.

పెద్దగా ఎవరూ చూడని చోటు ఒకటి చెబుతాను. జర్మనీ పుస్తక ప్రచురణకర్తలు, విక్రేతల సంఘం ఏటా ఫ్రాంక్‌ఫర్ట్‌లో శాంతి బహుమతి ఇస్తుంది. 1961లో అది సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు వచ్చింది, 2020లో అమర్త్య సేన్‌కు. ఆ బహుమతి సైట్‌లో గ్రహీతల ప్రసంగాలు ఉంటాయి. రాజకీయ నాయకుల మాటలతో విసుగెత్తినవాళ్ళు రచయితల, తత్వవేత్తల మాటల కోసం అటు వెళ్ళవచ్చు.

నాలుగో అడుగు: మన నేల మీద ఉన్నవి మరవకండి

ఓస్లో, హిరోషిమా దాకా వెళ్ళేవాళ్ళు గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఉన్న ఎర్రగుడి దగ్గర ఆగరు. కర్నూలు జిల్లాలోని ఆ బండల మీద అశోకుడి 14 పెద్ద శిలాశాసనాలూ ఉన్నాయి. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డాయి. వాటిలో 13వ శాసనం కళింగ యుద్ధం గురించినది. లక్షన్నర మందిని చెరపట్టి తరలించామని, లక్షమంది అక్కడే హతమయ్యారని, అంతకు ఎన్నో రెట్ల మంది చనిపోయారని గెలిచిన రాజే రాయిస్తాడు. ఆ గెలుపు తనకు బాధ మిగిల్చిందని ఒప్పుకుంటాడు. ఆంధ్రుల పేరు కూడా ఆ శాసనంలోనే వస్తుంది.

ఇక్కడ మన మొదటి ప్రశ్న వేసి చూడండి: ఎదురుగా ఎవరున్నారు? ఒడిశాలోని ధౌళి, జౌగడల్లో, అంటే ఓడిపోయిన కళింగుల నేల మీద, ఈ 13వ శాసనం చెక్కించలేదు. దాని బదులు వేరే శాసనాలు పెట్టించాడు. పశ్చాత్తాపం మిగతా ప్రజలందరికీ చెప్పాడు కానీ, దెబ్బతిన్నవాళ్ళ ఎదుట ఆ అంకెలు పెట్టలేదు. సిగ్గుపడ్డాడా, తిరుగుబాటు వస్తుందని జంకాడా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ మాట్లాడుకునే విషయం. అదే శాసనంలో అడవి జాతుల వారికి, నేను పశ్చాత్తాపపడుతున్నా నా బలం నాకుందని చిన్న హెచ్చరిక కూడా ఉంది. సూక్తుల పుస్తకాల్లో ఈ హెచ్చరికను వదిలేస్తారు. మీరు వదలకండి. అధికారం చేతిలో ఉన్న మనిషి శాంతి వైపు తిరగడం ఎంత కష్టమో ఆ ఒక్క మాటే చూపిస్తుంది. ధమ్మిక భిక్షువు చేసిన ఇంగ్లీషు అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వీలైతే 12వ శాసనంతో కలిపి చదవండి. సొంత మతాన్ని పొగుడుకోవడంలో, ఇతరులను తెగడటంలో మాట అదుపులో ఉండాలని అందులో ఉంటుంది. కర్నూలు, అనంతపురం బడుల ఉపాధ్యాయులు పిల్లలను ఎర్రగుడి తీసుకెళ్ళి, ఆ బండ ముందే అనువాదం చదివిస్తే ఏ వక్తృత్వ పోటీ అందుకు సాటిరాదు.

తర్వాత తిక్కన ఉద్యోగపర్వం. రాయబారాలన్నీ అందులోనే ఉన్నాయి. పగ ఉన్నచోట బతకడం పామున్న ఇంట్లో ఉన్నట్టేనన్న పద్యం ఈ పర్వంలోదే. గెలిచినా సుఖం లేదని ధర్మరాజు పడే మథన, అయిదూళ్ళయినా చాలన్న రాజీ, కౌరవసభలో కృష్ణుడి మాటలు వరసగా చదవండి. వినడానికి ఇష్టపడని సభ అంటే దానికన్నా ఏముంది? తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన కవిత్రయ భారతంలో వ్యాఖ్యానం కూడా ఉంది కనుక పద్యం అందకపోయినా భావం అందుతుంది. దేవస్థానం ఈ-బుక్స్ సైట్‌లో చూడండి. వినాలనుకుంటే తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఉండనే ఉన్నాయి. చెల్లియో చెల్లకో పద్యాన్ని షణ్ముఖి ఆంజనేయరాజు లేదా పీసపాటి నరసింహమూర్తి గొంతులో యూట్యూబ్‌లో వెతకండి. పల్లెల్లో రాత్రంతా మేలుకుని విన్న ఆ పద్యం, రాగం తీసేసి చూస్తే, ఒక దూత సంధి కోసం చేసిన ఆఖరి విన్నపం. మీ పిల్లలూ ప్రజలూ బాగుండాలా, రేపు యుద్ధమా, తేల్చి చెప్పమని అడుగుతాడు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ చేత పాడించి రికార్డు చేసుకోండి.

గురజాడ దేశభక్తి గీతం అందరికీ వచ్చు, కానీ మొదటి రెండు మూడు పాదాల దగ్గరే ఆపేస్తాం. చివరిదాకా చదివితే జాతులు, మతాలు అన్నదమ్ముల్లా మెలగాలన్న మాట వస్తుంది. ఆంధ్రభారతి సైట్‌లోనో, తెలుగు వికీసోర్స్‌లోనో పూర్తి పాఠం చూసుకోండి. తెలంగాణ వాళ్ళకు పోచంపల్లి ఉంది. సాయుధ పోరాటం నడిచిన నేల మీద, 1951 ఏప్రిల్ 18న వినోబా ఆ ఊరి దళితులను ఏం కావాలని అడిగారు. 80 ఎకరాలు కావాలన్నారు వాళ్ళు. అక్కడే ఉన్న వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం ఎంతవరకు నిలిచిందన్న విమర్శ కూడా తప్పక చదవాలి. అయినా ఆ సాయంత్రపు సంభాషణ చదవదగ్గది.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి దారి వీళ్ళందరికన్నా వేరు. 1985 ఏప్రిల్‌లో, తొంభై ఏళ్ళకు చేరువలో, న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి భవనంలో శాంతి గురించి మాట్లాడుతూ, సంస్థలు శాంతిని తేలేవని ఆ సంస్థ గోడల మధ్యే చెప్పారు. ఆయన పేరిట ఉన్న అధికారిక సైట్‌లో వీడియో, పాఠం చూడవచ్చు. ఓదార్పు కోసం వెళితే దొరకదు, ఆలోచన మాత్రం కదులుతుంది.

అయిదో అడుగు: ఆ మాట వాళ్ళదేనా చూడండి

కంటికి కన్ను అంటే లోకమంతా గుడ్డిదవుతుందన్న మాట గాంధీ పేరుతో ప్రతి గోడ మీదా ఉంటుంది. ఆయన రచనల్లో అది దొరకలేదు. ఆయన జీవితచరిత్ర రాసిన లూయీ ఫిషర్ సొంత వాక్యంలో దానికి దగ్గరి మాట కనిపిస్తుంది. నువ్వు కోరే మార్పు నువ్వే అవ్వు అన్నదీ ఆ రూపంలో ఆయనది కాదు. మనల్ని మనం మార్చుకుంటే లోకపు పోకడలూ మారతాయన్న భావం 1913లో ఇండియన్ ఒపీనియన్ పత్రికలో ఆయన రాసినదానిలో ఉంది. 2011లో బిన్ లాడెన్ మరణించినప్పుడు కింగ్ పేరుతో ఒక వాక్యం ప్రపంచమంతా తిరిగింది. శత్రువు చావుకు కూడా సంతోషించను అన్నది దాని సారం. అది ఫేస్‌బుక్‌లో ఒకరు సొంతంగా రాసుకున్న వాక్యం. దాని కింద వాళ్ళు ఇచ్చిన కింగ్ అసలు మాటతో కలిసిపోయింది.

పరీక్షించే దారి సులువే. మాటకు తేదీ, చోటు ఉన్నాయా? ఉంటే ఆ తేదీ నాటి పాఠంలో వెతకండి. లేకపోతే వికీకోట్‌లో ఆ వ్యక్తి పేజీ కిందికి వెళ్ళండి, సందేహాస్పదమైనవి, తప్పుగా ఆపాదించినవి విడిగా ఇస్తారు. కోట్ ఇన్వెస్టిగేటర్ అనే సైట్ ఒక్కో మాట పుట్టుపూర్వోత్తరాలు తవ్వి చూపిస్తుంది. అప్పటికీ తేలకపోతే ఆ మాట మీ ప్రసంగంలో వాడవద్దు. ప్రాణం పెట్టి మాట్లాడినవాళ్ళ నోట మనం కొత్త మాటలు పెట్టకూడదు.

ఆరో అడుగు: చదివింది మీ నోటికి, మీ భాషకు తెచ్చుకోండి

ప్రసంగం కంటితో చదివితే సగమే అందుతుంది. ఒక పేరా ఎంచుకుని బిగ్గరగా చదవండి. తర్వాత పుస్తకం మూసి, ఆ పేరాలో ఏముందో పక్కనున్నవాళ్ళకు తెలుగులో చెప్పండి. చెప్పలేకపోతే మళ్ళీ చదవండి. ఫోన్‌లోని అనువాద యంత్రం స్థూలంగా అర్థం అందుకోవడానికి సాయపడుతుంది, వేదిక మీద చదవడానికి పనికిరాదు. సభ కోసం మీరే రాసుకోండి, మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో.

నోటు పుస్తకంలో ఒక్కో ప్రసంగానికి ఒక పేజీ ఇవ్వండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎదురుగా ఎవరు, ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, మీకు నచ్చిన ఒక వాక్యం, మీరు ఒప్పుకోని ఒక వాక్యం. ఈ ఆఖరిది తప్పనిసరి. ఒప్పుకోని వాక్యం ఒక్కటీ దొరకలేదంటే శ్రద్ధగా చదవలేదనే అనుకోండి.

అందరితో పంచుకునేటప్పుడు హక్కుల సంగతి చూసుకోండి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ళదాకా కాపీరైటు ఉంటుంది. గాంధీ రచనలు 2009 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు, తెలుగు చేసి అచ్చువేసుకోవచ్చు. అమెరికా అధ్యక్షులు అధికార హోదాలో చేసిన ప్రసంగాలకూ అక్కడ ఇబ్బంది లేదు. కింగ్ ప్రసంగాల హక్కులను మాత్రం ఆయన వారసులు గట్టిగా కాపాడుకుంటున్నారు. నోబెల్ ఉపన్యాసాలకు నోబెల్ ఫౌండేషన్ హక్కులు ఉన్నాయి. వాటినుంచి కొద్ది భాగం ఉదాహరించి, పూర్తి పాఠానికి లింకు ఇవ్వండి.

ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకా తేల్చుకోలేకపోతే ఇలా చేయండి. పిల్లలతో అయితే వంగారి మాథాయ్, తర్వాత ఎర్రగుడి శాసనం. కాలేజీ వయసువాళ్ళతో కెన్నెడీ 1963, ఆపైన కింగ్ 1967. పెద్దలతో కూర్చున్నప్పుడు గాంధీ ఆ ఏడు రోజుల మాటలు, రోజుకొకరు చదివేలా పంచుకుని. ఇంట్లో నాటక పద్యాలు ఇష్టపడే తాతగారుంటే వీటన్నిటికన్నా ముందు కృష్ణ రాయబారమే పెట్టండి.